రోడ్డు దొర పోయిన ఏడు

రికార్డు గదిలో ఏం పని చేశావమ్మా అని అడిగితే దుమ్ము దులిపాను అంటాను. ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నేను చేసింది అదే. బాన్సువాడలో ఒక సర్కారు కచేరీ ఉండేది. దాని వెనక పాత కాగితాల గది. ఒక్కో ఊరి కాగితాలను ఒక్కో ఎర్ర గుడ్డలో మూటగట్టి అరల్లో పెట్టేవాళ్ళు. వాటిని బస్తాలు అనేవాళ్ళం. వానలు వెళ్ళగానే ఆ బస్తాలన్నీ వరండాలో విప్పి, ఎండ తగిలించి, ఎండిన వేపాకు చల్లి, మళ్ళీ ఏ గుడ్డలోవి ఆ గుడ్డలో కట్టాలి. చెదలు కనిపిస్తే ఆ గది చూసే మున్షీ సాబ్‌కు చెప్పాలి. కాగితాల్లో ఏముందో నాకు తెలియదు. అవన్నీ ఉర్దూ, పార్సీ. తెలుగులో ఉన్నా నాకు తెలిసేది కాదు. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, కచేరీ రాతలు తెలుగులోకి మారిన తర్వాత.

ఆ పనిలోకి ఎలా వచ్చానో చెప్పాలి. నిజాంసాగర్ కాలువలు తవ్వేటప్పుడు నేనూ మా ఆయనా మట్టి మోశాం. ఆ పని అయిపోయాక ఆయన షోలాపూర్ మిల్లుల్లో కూలీ దొరుకుతుందని పోయాడు. మొదట్లో పండుగలకు వచ్చేవాడు. తర్వాత రాలేదు. అటు పోయి వచ్చినవాళ్ళను అడిగితే ఒకరు బొంబాయి పోయాడన్నారు, ఒకరు గత్తర తగిలి చనిపోయాడన్నారు, ఒకరు నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వినవాణ్ణే నేను ఎక్కువ నమ్మాను. కాలి మెట్టెలు తీయాలో ఉంచాలో చెప్పేవాళ్ళు లేరు. పెళ్ళిళ్ళకు నన్ను బొట్టు పెట్టి పిలవాలో వద్దో ఊరివాళ్ళకూ తెలియలేదు. కొన్నాళ్ళు ఇబ్బంది పడి, తర్వాత పిలవడమే మానేశారు. బతుకుదెరువు కోసం కచేరీలో ఊడ్చే పనికి కుదిరాను. నాకు కచేరీ నయం అనిపించేది. బస్తాలు ఏమీ అడగవు.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఒక చలికాలం, మా కచేరీకి ఒక ఇంగ్లీషు ఆమె వచ్చింది. ఇక్కడికి ఒక రోజు ప్రయాణంలో ఉన్న మిషన్ దవాఖానలో నర్సు. మేము నర్సమ్మ అనేవాళ్ళం. యాభై ఏళ్ళ మనిషి. పెళ్ళి చేసుకోలేదు. పాత కాగితాలు చూడడానికి పై కచేరీ నుంచి ఇజాజత్ తెచ్చుకుంది. ఆడమనిషి కదా, తోడుగా ఉండమని మున్షీ సాబ్ నన్ను ఆమె పక్కన కూర్చోబెట్టాడు.

ఆమె తెలుగు మాట్లాడేది. "అమ్మా, నేను కూర్చొనుటకు ఒక పీట కావలెను" అన్నది మొదటి రోజు. కచేరీ ముందు బండి కట్టే అతను అది విని నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, గామె మాట్లాడేది తెలుగేనా? దేవుని పుస్తకం చదువుతున్నట్టున్నది."

"మరి నీది ఏం తెలుగురా? ఎడ్లతోని మాట్లాడేది."

"ఎడ్లకన్న సమజైతది గద."

ఆమె వెతుకుతున్నది వాళ్ళ తాతను. అమ్మ తండ్రిని. సంచి విప్పి తన కాగితాలన్నీ పీట మీద వరసగా పేర్చింది, మా ఊళ్ళో ఆడవాళ్ళు వడియాలు పెట్టినట్టు. ఒక్కోదాని మీద వేలు పెట్టి నాకు చెప్పింది. ఇది వాళ్ళ ఊరి చర్చి పుస్తకంలో తాతకు పేరు పెట్టిన రోజు రాసినది. ఇది పెళ్ళిది. ఇది జనాభా లెక్కల్లో చూసి రాసుకున్నది. ఒక సందులో ఒకే గది, అందులో అమ్మమ్మ, ఒక చిన్న పిల్ల. ఇది తాత పేరున్న సైన్యం జాబితా నకలు. ఇది సికింద్రాబాద్ లష్కర్‌లో సైన్యం నుంచి బయటికి వచ్చినట్టు. ఇక్కడి నుంచి ఆయన రోడ్డు పనుల్లో కలిసి మంజీర దిక్కు వచ్చాడు. ఆ తర్వాత కాగితం లేదు.

పెళ్ళి కాగితం కింద రెండు గీతలు అడ్డంగా కొట్టి ఉన్నాయి.

"ఇదేందమ్మా, కొట్టేసిండ్రా?" అని అడిగాను.

"కాదు. అది మా తాత సంతకము. ఆయనకు చదువు రాదు."

"దొరలకు చదువు రాకపోవుడేంది?"

"ఆయన దొర కాడు. బండి చక్రములు చేయువాడు."

"అట్లైతే వడ్లాయన."

"వడ్లాయన" అని ఆమె రెండుసార్లు అనుకుని రాసుకుంది. నేను చాలాసేపు ఆ గీతలనే చూశాను. జీతం రోజు నేను వేలిముద్ర వేసేదాన్ని. సముద్రాల అవతల కూడా అట్లాంటివాళ్ళు ఉంటారని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ తాత ఇక్కడి నుంచి తెలిసినవాళ్ళతో రాయించి ఇంటికి ఉత్తరాలు పంపేవాడట. ఒక ఏడు అవి ఆగిపోయాయి. అక్కడివాళ్ళు, ఇండియాలో ఇంకొక దాన్ని కట్టుకున్నాడు, ఇక రాడు అన్నారు. అమ్మమ్మ బతికినంత కాలం ఇతరుల బట్టలు ఉతికింది. మొగుడు వదిలేసిన ఆడది అనే మాట ఉతికిన బట్టలతో పాటు ఇల్లిల్లూ తిరిగింది. ఈమె అమ్మ తన తండ్రి పేరు ఎత్తనివ్వలేదు. ఇప్పుడు అమ్మా లేదు. ఒక్క అన్న ఉంటే పాత యుద్ధంలో పోయాడు.

"నా వారు ఎవరును లేరు. అందువలన చనిపోయినవారిని వెదకుచున్నాను" అన్నది. ఆ పుస్తకం తెలుగులో ఆ మాట విన్నప్పుడు నవ్వు రాలేదు.

మున్షీ సాబ్ ముసలాయన. కళ్ళద్దాలకు ఒక వైపు దారం కట్టుకునేవాడు. ఆయనకు ఆ గది కాగితాలు చేతి గీతల్లాంటివి. రోడ్డు పనుల బస్తాలు ఒక్కొక్కటీ నేను విప్పడం, ఆయన చూడడం, ఆమె ఎదురుగా ఊపిరి బిగబట్టి కూర్చోవడం. చివరికి రోడ్డు పని గుత్తకు పట్టిన ఒక ఠేకేదారు కాగితాల కట్టలో దొరికింది. బండ్లు బాగుచేసే గోరా, అంటే తెల్ల, వడ్లాయన, జ్వరంతో మృతి, రోడ్డు పక్కన పాతిపెట్టారు. ఆయన పేరు కూడా ఉర్దూలో వంకరగా పలికేట్టు రాశారు కానీ, ఆమె రెండుసార్లు పలికించుకుని తలూపింది.

"ఏ సంవత్సరము?" అని అడిగింది.

మున్షీ సాబ్ అంకె చూసి, వేళ్ళ మీద లెక్కవేసి, "నలభై ఏండ్ల కిందటి పెద్ద కరువు సాలు" అన్నాడు.

ఆమె తన కాగితాల వైపు చూసుకుంది. ఆఖరి ఉత్తరం వచ్చింది పెద్ద కరువుకు ఎనిమిదేళ్ళ ముందు. అంటే ఎనిమిదేళ్ళు ఆయన ఇక్కడే ఉన్నాడు, బతికే ఉన్నాడు, ఉత్తరం రాయించలేదు. "మా అమ్మ కోపము న్యాయమే" అన్నది. కాసేపటికి, "ఎనిమిది సంవత్సరములు ఎవరితో ఉన్నాడు?" అని తనలో తాను అనుకున్నట్టు అడిగింది.

దానికి జవాబు మా కచేరీలో లేదు. బండి అతను చెప్పాడు. పెద్ద కొడప్‌గల్ దిక్కు ఒక పల్లెలో పిల్లికళ్ళ ఆమె ఉంది, చెరుకు తోటల్లో కూలీకి పోతుంది, ఆమెను రోడ్డు దొర బిడ్డ అంటారు అని.

మర్నాడే బండి కట్టించుకుని పోయాం. దారిలో రోడ్డు పక్కన ఎక్కడైనా సమాధి కనిపిస్తుందేమో అని ఆమె రెండు వైపులా చూసింది. కాలువ నీళ్ళు వచ్చాక ఆ బీళ్ళన్నీ వరిమళ్ళు అయిపోయాయి. కొంగలు తప్ప ఏమీ లేవు.

ఆ పిల్లికళ్ళ ఆమె గానుగ దగ్గర చెరుకు పిప్పి ఎత్తుతోంది. భర్త పోయాడు, పిల్లలు నిలవలేదు, ఒక్కతే ఉంటుంది. కళ్ళు నిజంగానే బూడిద రంగు. నర్సమ్మవీ అదే రంగు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వచ్చిన సంగతి నేను చెప్పాను.

"నేను పెద్ద కరువుల మా అవ్వ కడుపుల ఉన్ననట" అన్నది ఆమె. "మా అవ్వ రోడ్డు మీద కంకర కొట్టెటిది. నీ నాయిన రోడ్డు దొర అని ఒక్కమాట చెప్పింది. పేరు చెప్పలే. నేను పుట్టకముందే సచ్చిపోయిండన్నది."

అన్నీ సరిపోయాయి. వేళ్ళ మీద లెక్కపెట్టినా సరిపోయాయి. వరస ఏమవుతుందని నర్సమ్మ నన్ను అడిగింది. అమ్మ చెల్లెలు కాబట్టి చిన్నమ్మ అవుతుందన్నాను.

"చిన్నమ్మా" అన్నది నర్సమ్మ.

పిల్లికళ్ళ ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నాకన్న పదేండ్లు పెద్దది నన్ను చిన్నమ్మ అంటుంది సూడు. పండ్లు కదిలే యాళ్లకు నాకు బిడ్డ పుట్టింది. రా బిడ్డా, కూసో. పాకం తింటవా? ఉడుకుడుకుగున్నది."

ఆ తర్వాత నర్సమ్మ సెలవు దొరికినప్పుడల్లా వచ్చేది. బాన్సువాడలో దిగి, నన్ను ఎక్కించుకుని, ఆ పల్లెకు పోయేది. చిన్నమ్మకు కంబళి తెచ్చింది. తన చేత్తో ఆమె కాలి పుండుకు కట్టు కట్టింది. తాత ఊరు ఎట్లా ఉంటుందో, వాళ్ళ తాత తండ్రి ఏం పని చేసేవాడో అన్నీ చెప్పింది. చిన్నమ్మ విని, పక్కింటివాళ్ళను కేకేసి, "మా నాయిన వడ్లాయనట. దొర గిర ఏం కాదు. పని చేసుకొని బతికెటోడే" అని గొప్పగా చెప్పుకుంది. నలభై ఏళ్ళు పిల్లికళ్ళది అని ఎకసెక్కాలు పడ్డ మనిషి. ఇప్పుడు ఆమెకు తండ్రి ఉన్నాడు, తండ్రికి పని ఉంది, ఊరు ఉంది. ఆ బండిలో తిరిగి వచ్చేటప్పుడు నాకు వాళ్ళిద్దరి మీదా అసూయగా ఉండేది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

నర్సమ్మ ఇంగ్లండుకు పంపుకోవడానికి ఆ చావు కాగితం నకలు అడిగింది. మా కచేరీలో నకలు రాసేది ఒక గుమాస్తా, అసలుతో పోల్చి దస్తఖత్ చేసేది మున్షీ సాబ్. ఒక పొద్దున ఆయన నకలునూ అసలునూ పక్కపక్కన పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాడు. ఊడుస్తున్నదాన్ని ఆగాను.

"బిడ్డా, తలుపు దగ్గరికేసి ఇటు రా" అన్నాడు. "నా కండ్లు పోయినయి. నేను ఆ నాడు ఏడు సదివిన, నెల సదవలే. నెల సఫర్ అని ఉన్నది."

నాకు అర్థం కాలేదు. ఆయన విడమర్చి చెప్పాడు. కచేరీ కాగితాల మీద వేసేది ఫసలీ ఏడు. దాని నెలల పేర్లు వేరు. సఫర్ అనేది మసీదు లెక్క నెల, హిజ్రీది. ఆ ఠేకేదారు తన కాగితాలన్నీ హిజ్రీలో రాసుకున్నాడు. అంకె ఒకటే ఉన్నా రెండు లెక్కలకూ మధ్య ఆ కాలానికి ఎనిమిదేళ్ళ తేడా. కచేరీలో బతుకంతా ఫసలీ చూసిన కళ్ళు, అంకె కనిపించగానే ఫసలీ అనుకున్నాయి.

"అంటే ఏంది మున్షీ సాబ్?"

"అంటే ఆయన పెద్ద కరువుల సావలే. అంతకు ఎనిమిదేండ్ల ముందే సచ్చిపోయిండు. ఆఖరి ఉత్తరం రాయించిన ఏడే."

నేను నేల మీద కూర్చున్నాను. ఆ తాత నర్సమ్మ అమ్మమ్మను వదిలేయలేదు. రాయించడానికి మనిషే లేడు. ఆ సంగతి ముందు తట్టింది. రెండోది తర్వాత తట్టింది. కరువులో కడుపున ఉన్న బిడ్డ ఆయన బిడ్డ కాదు.

"నేను తప్పు నకలు మీద దస్తఖత్ చెయ్యలేను" అన్నాడు మున్షీ సాబ్. "సరైన దాని మీద చేస్తే ఆమెకు చిన్నమ్మ పోతది. ఈ ముసల్తనంల నాకు గిదేం ఫికర్ పెట్టిండు దేవుడు. అసలు కాగితం మల్ల దొరకలేదు, చెదలు తిన్నయి అని చెప్పమంటవా? నువ్వు చెప్పు. నీకు ఆ ఇద్దరూ తెలుసు."

నేను ఎక్కువ సేపు ఆలోచించలేదు. "చెప్పాలె మున్షీ సాబ్" అన్నాను. "అక్కడ ఆ ముసలామె మొగడు ఇడిసిపెట్టిన ఆడిది అని పేరు మోసి సచ్చింది. ఆమె పేరు ఎవరు కడుగుతరు?"

మున్షీ సాబ్ నా కాలి మెట్టెల వైపు చూసి, మళ్ళీ కాగితం వైపు చూశాడు. కొత్త నకలు తానే రాసి దస్తఖత్ చేశాడు.

నర్సమ్మ ఆ వారం పల్లెలోనే ఉంటానని కబురు పంపింది. నకలు నేనే తీసుకుపోయాను. కచేరీ పనిలో నేను మోసిన కాగితాలన్నిటిలోకీ తేలికైనది అది. బండి అతను ఎందుకు మాట్లాడవని రెండు మూడుసార్లు అడిగి విసుగొచ్చి ఎడ్లతో మాట్లాడుకున్నాడు.

ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. చిన్నమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నర్సమ్మ కూడా తీస్తోంది, గింజలు కింద పోస్తోంది. "సూడు చెల్లె, దవాఖానల మనుషుల్ని కోస్తదట, చిక్కుడుకాయ ఇడిపియ్య రాదు" అని చిన్నమ్మ నాతో అన్నది.

నేను నర్సమ్మను పక్కకు పిలవాలని అనుకుంటూ వచ్చాను. పిలవలేకపోయాను. ఇది చిన్నమ్మ సంగతి కూడా. ఆమె లేనిచోట చెప్పడం దొంగతనంలా అనిపించింది. ఇద్దరి ముందే, మున్షీ సాబ్ నాకు ఎట్లా చెప్పాడో అట్లాగే చెప్పాను. సఫర్ నెల, రెండు లెక్కలు, ఎనిమిదేళ్ళు.

నర్సమ్మ నకలు తీసుకుని పట్టుకుంది. ఉర్దూ ఆమెకు రాదు. ఆ అంకె మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. తర్వాత కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. "ఆయన విడువలేదు" అన్నది. "అమ్మమ్మా, ఆయన నిన్ను విడువలేదు." అట్లా సంతోషంతో ఏడ్చే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ కాస్త సేపు నేను చేసింది మంచి పని అనే అనుకున్నాను.

తర్వాత ఆమె తల తిప్పి చిన్నమ్మను చూసింది. అప్పుడే రెండో సంగతి ఆమెకూ తట్టింది. చిన్నమ్మకు అంతకు ముందే తట్టింది. చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉంది.

"అట్లైతే నా నాయిన ఎవరు?" అని అడిగింది నన్ను.



"రోడ్డు మీద ఎందరు దొరలు తిరిగిండ్రో" అన్నది మళ్ళీ తనే. కాయ ఈనె తీసి గిన్నెలో వేసింది. "కానియ్యి. నలబై ఏండ్లు నాయిన లేకుంటనే బతికిన. రెండు నెలలు ఉండె. ఇగ మల్ల లేడు. గంతే గద."

నర్సమ్మ ఆమె చేయి పట్టుకుంది. కాగితముతో నాకు పని లేదు, మీరు నా చిన్నమ్మే అన్నది. చిన్నమ్మ చేయి విడిపించుకోలేదు కానీ తిరిగి పట్టుకోలేదు. లోపలికి పోయి పొయ్యి రాజేసి, అన్నం వండి, చిక్కుడుకాయ కూర చేసి ఇద్దరికీ పెట్టింది. ఎప్పుడూ మాతో కూర్చుని తినేది. ఆ రోజు తర్వాత తింటానన్నది. మేము బండి ఎక్కేటప్పుడు కంబళి మడతపెట్టి తెచ్చింది.

"ఇది నీ చిన్నమ్మకు తెచ్చినవు గద. నీ వాళ్ళు ఎక్కడనన్న దొరికితే ఇయ్యి."

నర్సమ్మ తీసుకోనన్నది. కంబళి అరుగు మీదే ఉండిపోయింది. బండి మలుపు తిరిగే వరకు ఎవరూ దాన్ని తీయలేదు.

 కాలువ దాటాక నర్సమ్మ సంచిలోంచి పెన్సిలూ కాగితమూ తీసింది.

"మీ భర్త షోలాపూర్ వెళ్ళెనని మున్షీ సాబ్ చెప్పినారు. అక్కడ మిల్లుల్లో జాబితాలు ఉండును. దవాఖానలలో కూడ ఉండును. నేను వ్రాసి అడుగుదును. ఆయన పేరు చెప్పండి."

బండి అతను ముందు నుంచి చెవి ఇటు పెట్టాడు.

ఆ మాట కోసం నేను ఎన్ని ఏళ్ళు చూశానో. మున్షీ సాబ్ ముందు నేల మీద కూర్చుని, చెప్పాలె అన్నదాన్ని. పేరు నాలుక మీదికి వచ్చింది. కానీ నాకు అరుగు మీద ఉన్న మనిషి కనిపిస్తూనే ఉంది. చచ్చిపోయాడని కాగితం వస్తే ఆ రోజే మెట్టెలు తీయాలి. బతికి ఉన్నాడని వస్తే, ఎవరితోనో ఉన్నాడని వస్తే, నవ్వినవాడి నవ్వు మిగతా జన్మంతా వినాలి. తెలియకపోవడంలో నాకు ఒక మూల దొరికింది. అందులో ఇంత కాలం కూర్చున్నాను.

"మాలో ఆడవాళ్ళు మొగని పేరు చెప్పొద్దమ్మా" అన్నాను.

ఆమె మా ఆచారాలంటే మర్యాద ఉన్న మనిషి. సరే అని పెన్సిల్ లోపల పెట్టుకుంది. బండి అతనికి మా ఆయన పేరు తెలుసు. నా మొహం చూసి అతనూ చెప్పలేదు.

కచేరీల్లో కొత్తగా చేరేవాళ్ళకు నేను చెప్పగలిగింది చిన్నదే. పాత కాగితం చేతికి వస్తే ఏడు కన్నా ముందు నెల చదవండి. మున్షీ సాబ్ ఆ తర్వాత ఎప్పుడూ అట్లాగే చదివాడు. నౌకరీ విడిచే దాకా ఆ మాట ఎత్తితే కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవాడు.

నర్సమ్మ ఆ పల్లెకు మళ్ళీ రెండుసార్లు పోయింది. రెండుసార్లూ నేను తోడు పోయాను. ఆమె చిన్నమ్మా అనే పిలిచింది. ఆ ఇంట్లో మాకు పీట వేశారు, చేతికి నీళ్ళిచ్చారు, బెల్లం ముక్క పెట్టారు. ఏ లోటూ చేయలేదు. "కూసోండ్రి అమ్మా" అన్నది పిల్లికళ్ళ ఆమె, "ఎండల పడి వచ్చిండ్రు." ఆ రెండుసార్లూ ఒక్కసారి కూడా బిడ్డా అనలేదు.

మూడోసారి బాన్సువాడలో దిగినప్పుడు బండి కట్టమంటారా అని అతను అడిగాడు. నర్సమ్మ కాసేపు ఆ రోడ్డు వైపు చూసి, మా వరండాలో కూర్చుని, నేను కట్టిన బస్తాలను చూస్తూ పొద్దు గడిపి, సాయంత్రం మోటారుకు వెళ్ళిపోయింది.